పరీక్షించువారికిని పరీక్ష

గృహిణి తన యింటికి వచ్చు ప్రతి వస్తువును కంటితో చూచి, చేతితో పట్టి, వాసన చూచిన పిమ్మటనే పొయ్యిమీదికి పోనిచ్చును. బియ్యములో రాళ్లు, కందిపప్పులో పుచ్చులు, నేతిలో మాడువాసన, పాలలో నీళ్లు: వీనిని కనిపెట్టుటకు మన తల్లులు నేర్పిన విద్య చాలును. కాని యీ విద్యకు నొక మేర కలదు. ఆ మేరకు ఆవలనున్న దోషములను కనిపెట్టుటకై ప్రభుత్వము కొందఱు అధికారులను నియమించి, మనమిచ్చు పన్నులనుండి వారికి జీతము లిచ్చుచున్నది. వారు తమ పనిని వేళకు చేయుచున్నారా? చేసినను దానివలన మన బిడ్డలకు మేలు కలుగుచున్నదా? ఈ రెండు ప్రశ్నలను వేయుట యెవరి పని? దీనినిగూర్చి సోదరీమణులతో కొంత ముచ్చటింపదలచితిమి. సర్కారు వ్యవహారములు మనకేల యని కొంద ఱనవచ్చును. వంటయింటిలోనికి వచ్చు వ్యవహారము మనది కాకపోదు.

మొదట మన కంటికి మేర యెక్కడనో చూతము. మా కడప జిల్లాలో మైదుకూరు, దువ్వూరు ప్రాంతముల పసుపు పేరుగన్నది. పసుపును త్రవ్వి, ఉడికించి, యెండబెట్టి, పీపాలలో వేసి త్రిప్పి మెరుగు పెట్టుదురు. గడపకు పూసినను, పాదములకు రాచుకొన్నను, పప్పులో వేసినను మనకు పసుపు శుభమునకు గుర్తు. అట్టి పసుపునకు మంచి నిగ్గు రావలెనని సీసపు క్రోమేటను రంగుపొడిని కలుపు దుర్మార్గము కొన్నిచోట్ల కలదు. అది గోడలకు, ఇనుపసామానులకు వేయు రంగులలో వాడు పదార్థము. సీసము శరీరములో చేరినచో పిల్లల మెదడునకు హాని కలుగును. ఇంతవఱకు చేరినను ఫరవాలేదని చెప్పదగిన మోతాదేదియు లేదని ప్రపంచారోగ్యసంస్థవారు చెప్పుచున్నారు. మంచి నిగ్గుగల కొమ్మును జూచి మనము మెచ్చుకొని కొందుము. ఆ మెప్పే మోసగానికి పెట్టుబడి.

వేరుసెనగ సంగతియు నట్టిదే. అది మా రాయలసీమకు జీవనాధారము. పంట చివర వానలు లేక నేల బీటలువారినపుడు కాయలలో నొకవిధమైన బూజు పెరిగి అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు కారణము తెలియక చచ్చిపోగా, వాని మేతలోని వేరుసెనగపిండిని పరీక్షించిన మీదట శాస్త్రజ్ఞు లీ విషమును గుర్తించిరి. ఇది కాలేయమును చెఱచును. బూజుపట్టిన గింజను మనము చేటలో నేరి పాఱవేయగలము. పొడిచేసి పొట్లము కట్టిన దానిలోని విషము నేరివేయుట యెవరికి సాధ్యము? అందుకు పరీక్షాశాల కావలెను, పరీక్షించువాడు కావలెను, వాని మాటను నమ్మదగిన యేర్పాటు కావలెను.

కల్తీని శిక్షించుట క్రొత్తసంగతి కాదు. ధాన్యము, నూనె, ఉప్పు, సుగంధద్రవ్యములు, ఔషధములు అనువానిలో నాసిసరకు కలిపినవానికి కౌటిల్యుని అర్థశాస్త్రము పండ్రెండు పణముల దండన విధించినది. అంతకన్న ముఖ్యముగ మాకు తోచినది ఆ గ్రంథముననే యింకొకటి కలదు. లెక్కలు వ్రాయువారు ఏటేట ఆషాఢమాసమున తమ పుస్తకములను తెచ్చి యొప్పగింపవలెనని యందు నియమింపబడినది. ప్రజలను శిక్షించు అధికారమును, ఆ యధికారిని లెక్క యడుగు ఏర్పాటును ఒకే గ్రంథమున జంటగ నున్నవి. మొదటిదానిని మాత్రము పట్టుకొని రెండవదానిని విడిచిన రాజ్యమున కంచెయే చేను మేయుననుట మన పెద్దల కనుభవమే.

మా కర్నూలు, కడప జిల్లాలు చెన్నరాజధానిలో చేరియున్న కాలమున 1918లో కల్తీ నివారణ చట్టమును, 1939లో ప్రజారోగ్య చట్టమును వచ్చినవి. 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు ముఖ్యపట్టణముగ ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. మఱుసటి యేడు, 1954లో, దేశమంతటికిని ఒకే కల్తీ నిరోధక చట్టము చేయబడినది. దాని స్థానమున వచ్చినదే 2006వ సంవత్సరపు ఆహార భద్రతా ప్రమాణముల చట్టము; ఇది 2011 ఆగస్టు 5వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దీని ప్రకారము రాష్ట్రమునకొక ఆహార భద్రతా కమీషనరును, జిల్లాకు నిర్దేశింపబడిన యొక యధికారియు, వారిక్రింద ఊరూర తిరుగు ఆహార భద్రతాధికారులును ఉందురు. అంగడిలో సరకు తీసికొన్న యధికారి దానిని నాలుగు భాగములు చేయవలెను. ఒక భాగము పరీక్షకునికి పోవును. రెండు భాగములు జిల్లా అధికారియొద్ద భద్రముగ నుండును. వర్తకుడు కోరినచో నాలుగవ భాగము వేఱొక గుర్తింపుగల పరీక్షాశాలకు పోవును. నమూనా చేరిన 14 దినములలో పరీక్షకుడు తన నివేదికను పంపవలెను. వర్తకునికి అన్యాయము జరుగకుండను, కొనువారికి ఆలస్యము జరుగకుండను చట్టము వ్రాసినవారు జాగ్రత్త పడిరనుటకు సందేహము లేదు.

చట్టము మంచిదగుట వేఱు, పని జరుగుట వేఱు. పని యెట్లు జరిగినదో చూచుట ఆడిటువారి వంతు. మన రాజ్యాంగములోని 148వ అధికరణము కంప్ట్రోలరు ఆడిటరు జనరలను అధికారి నేర్పఱచినది. పత్రికలవారు ముచ్చటగ కాగ్ అందురు. ఆయన మంత్రుల క్రిందివాడు కాడు. 151వ అధికరణము ననుసరించి కేంద్రప్రభుత్వమును గూర్చిన నివేదికలు రాష్ట్రపతి ద్వారా పార్లమెంటు ముందునకును, రాష్ట్రమును గూర్చినవి గవర్నరు ద్వారా శాసనసభ ముందునకును రావలెను. పిమ్మట ప్రజాపద్దుల సంఘమువారు వానిని విచారింతురు. ఆడిటనగా చెల్లుచీటీలను రూపాయలతో సరిచూచుటయే యని చాలమంది తలంతురు. అది పాతకాలపు మాట. ఇప్పుడు మూడు కొలతలు కలవు: మితవ్యయము, కార్యదక్షత, ఫలితసిద్ధి.

ఈ మూడును మనకు తెలియనివి కావు. ఒక పెండ్లికి వంటబ్రాహ్మణుని పిలిచితిమనుకొందము. బియ్యము, బెల్లము, కట్టెలు సరసమైన ధరకు కొన్నాడా యనునది మితవ్యయము. ఆ సరకుతో ఎన్ని విస్తళ్లకు సరిపడ వండినాడు, పంక్తివేళకు వడ్డనకు సిద్ధము చేసినాడా యనునది కార్యదక్షత. వచ్చిన చుట్టములు కడుపునిండ తిని తృప్తితో లేచినారా యనునది ఫలితసిద్ధి. సరకు చౌకగ వచ్చి, వంట వేళకు ముగిసి, సాంబారు నోట పెట్టుకొన వీలులేనిదైనచో ఆ వంట వంట కాదు. మా యింటివారు ఉపాధ్యాయులు. ఆయన ఎన్ని దినములు బడికి పోయినారు, ఎన్ని పాఠములు చెప్పినారు అనుటకు హాజరు పుస్తకము చాలును. పిల్లలకు చదువు వచ్చినదా యని తెలిసికొనవలెనన్న ఒక పిల్లవానిని పిలిచి, పుస్తకము విప్పి, చదువుమనవలెను. ఆరోగ్యమును కాపాడు అధికారులకును ఈ రెండవ విధమైన పరీక్షయే ముఖ్యమని మా మనవి.

అట్టి పరీక్ష యొకటి జరిగినది. ఆహార భద్రతా చట్టమెట్లు అమలగుచున్నదో విచారించి కాగ్‌వారు వ్రాసిన 37వ సంఖ్యగల నివేదిక 2017 డిసెంబరులో పార్లమెంటు ముందుంచబడెను. దానిలో తేలిన సంగతులు గృహిణులు తెలిసికొనదగినవి. నమూనాలను పంపుచున్న రాష్ట్రముల పరీక్షాశాలలు 72 కాగా, అందు 65 శాలలకు జాతీయ గుర్తింపు లేదు. పరిశీలించిన లైసెన్సులలో సగమునకు పైగా చాలినన్ని కాగితములు లేకయే యీయబడినవి. ఏ జిల్లాలో ఎందఱు ఆహారవ్యాపారులు కలరో చెప్పు సరియైన పట్టిక లేదు. ఎక్కడ ప్రమాద మెక్కువయో చూచి అక్కడికి ముందుగ పోవలెనను పద్ధతి వ్రాతలో లేదు. పనివారి కొఱత సరేసరి.

గుర్తింపు లేనంత మాత్రాన ఏమి ప్రమాదమని యడుగవచ్చును. తూకపురాళ్లపై ముద్ర లేని యంగడిలో మనము బంగారము కొందుమా? పరీక్షాశాలకు గుర్తింపనగా ఆ ముద్రవంటిది. దాని యంత్రములు సరిగ నున్నవనియు, పరీక్షించు పద్ధతి సరియైనదనియు బయటివారు వచ్చి చూచి చెప్పిన మాట. ఆ మాట లేనిచో దోషిని దోషియని నిరూపించుటయు కష్టమే, నిర్దోషిని విడిచిపెట్టుటయు కష్టమే. న్యాయస్థానమున వర్తకుని వకీలు మొట్టమొదట వేయు ప్రశ్న అదియే.

ఇక వేళ మాట. మే మెఱిగిన యొక గ్రామమున సీమంతపు విందులో భోజనము చేసిన ఇరువదిమంది వాంతులతో మంచము పట్టిరి. వారిలో నొక చూలాలును ఉండెను. మూడవనాడు అధికారులు వచ్చి నూనెయు పిండియు సీసాలలో పట్టుకొనిపోయిరి. అందఱును కోలుకొనిరి, అది దైవకృప. కాని ఆ యింటి పెద్దకోడలు ఎన్నిమారు లడిగినను "నమూనా పంపితిమి, నివేదిక రావలెను" అనుటే కాని వేఱుమాట లేదు. నివేదిక వచ్చునప్పటికి ఆ యంగడిలోని డబ్బాలన్నియు అమ్ముడుపోయినవి. దోషమున్నదని వచ్చినదా, లేదని వచ్చినదా యనునది మాకు ప్రధానము కాదు. పాలు ఉదయమున పితికినవి సాయంకాలములోగా త్రాగుదుము. నూనె నెలలోపల వాడుదుము. తినివేసిన పిమ్మట వచ్చు తీర్పు న్యాయస్థానమునకు పనికివచ్చును గాని బిడ్డకు పనికిరాదు. కావుననే నమూనా తీసిన దినమునకును, ఫలితము కొనువారి చెవిని పడు దినమునకును నడుమ నెన్నిదినములు గడచినవను లెక్కయే కార్యదక్షతకు మొదటి లెక్క కావలెను.

ఈ వేళకును పరీక్షాశాల దూరమునకును సంబంధము కలదు. 2014లో రాష్ట్రము రెండైనపుడు హైదరాబాదు నాచారమునందలి రాష్ట్ర ఆహార పరీక్షాశాల తెలంగాణము పాలయ్యెను. పదియేండ్ల పిమ్మట, 2024 అక్టోబరులో, తిరుమలలోను మా కర్నూలులోను సమగ్రమైన ఆహార పరీక్షాశాలలను నెలకొల్పుటకై రాష్ట్రప్రభుత్వమునకును భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థకును ఒప్పందము కుదిరినది. ఇది మా సీమవారికి సంతోషవార్తయే. అయితే గోడలు లేచిన దినమున సంతోషించి యూరకుండరాదు. ఎందఱు పరీక్షకులను నియమించిరి, గుర్తింపు వచ్చినదా, వేరుసెనగలోని విషమును, పసుపులోని సీసమును కొలుచు యంత్రములున్నవా, 14 దినముల గడువు నిలుచుచున్నదా: ఇవి యడుగకపోయినచో తలుపునకు తోరణము కట్టిన దినమే ఆ భవనమునకు మొదటి పండుగయు, కడపటి పండుగయు నగును.

ఇప్పుడు ఫలితసిద్ధికి వత్తము. దీనికి చక్కని నిదర్శనము మన పొరుగుననున్న బంగ్లాదేశములో జరిగినది. అదియు పసుపును గూర్చినదే యగుట మన యదృష్టము. అక్కడ 1980 తరువాతి యేండ్లలో వఱదలవలన పసుపు సరిగ నెండక వన్నె చెడగా, మెరుగు పెట్టువారు సీసపు క్రోమేటును వాడసాగిరని చెప్పుదురు. గర్భిణీస్త్రీల రక్తములో సీసమెక్కువగ నుండుటకు కారణమేమని వెదకిన పరిశోధకులు చివరకు వంటయింటి పసుపుడబ్బాకడకు చేరిరి. 2019లో ఆ దేశపు ఆహార భద్రతాధికారులు శాస్త్రజ్ఞులతో చేరి పనికి పూనిరి. పత్రికలలో ప్రకటించిరి, బజారులలో కరపత్రములు పంచిరి, పసుపుకొమ్ముపై నుంచినంతనే సీసమున్నది లేనిది చెప్పు చేతియంత్రముతో ఢాకా టోకుబజారులో తనిఖీ చేసి, పట్టుబడినవారికి అక్కడికక్కడనే జుల్మానా విధించిరి.

ఇంతవఱకు ఏ దేశములోనైన జరుగునదియే. వారు తరువాత చేసినది గమనింపుడు. ఇన్ని దాడులు చేసితిమి, ఇంత జుల్మానా వసూలు చేసితిమి యని చెప్పి లెక్క మూయలేదు. మరల బజారునకు పోయి పసుపు కొని పరీక్షించిరి. 2019లో నూటికి 47 నమూనాలలో సీసముండగా, 2021 నాటికి ఒక్కదానియందును లేదు. పసుపుమరలలో పనిచేయువారి రక్తమును పరీక్షింపగా సీసము సుమారు మూడవవంతు తగ్గినది. ఇదియే పిల్లవానిని పిలిచి పుస్తకము చదివించుట. తనిఖీల సంఖ్య అధికారి శ్రమను చెప్పును. బజారులోని పసుపు, మనుష్యుని రక్తము ఆ శ్రమ ఫలమును చెప్పును. మా మైదుకూరు బజారునకు నిట్టి కొలత పెట్టినచో కష్టపడి మేలురకము పండించిన రైతునకే లాభము. రంగు పూసిన సరకు ప్రక్కన అతని సరకు వెలవెలబోయి ధర తగ్గుట మానును. ఇందు మేము మా రైతులను గాని వర్తకులను గాని శంకించుట లేదు. పరీక్షలో నెగ్గినవానికే కీర్తి కలుగునని చెప్పుచున్నాము.

పరీక్ష జరిగియు దానిని విననిచో నేమగునో చెప్పుటకు ఔషధముల కథ యొకటి కలదు. అది చెప్పుటకే మనసు రాదు. డైఎథిలీను గ్లైకాలను ద్రవము యంత్రములలో వాడునది. తియ్యగ నుండును, చవుక. మందులలో వాడదగిన గ్లిజరిను మొదలగువాని స్థానమున నిది చేరినచో మూత్రపిండములు చెడును. 1937లో అమెరికాలో ఇట్టి మందు త్రాగి నూర్గురకు పైగా చనిపోగా, ఆ దేశమువారు మఱుసటి యేడే మందుల చట్టమును మార్చిరి. మనదేశమున 1972లో మదరాసులో 15 మంది పిల్లలును, 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో 14 మంది రోగులును ఇట్లే పోయిరి. బొంబాయి సంగతిని విచారించిన లెంటిన్ న్యాయమూర్తిగారి సంఘము మందుల తనిఖీ శాఖ లోపములను తీవ్రముగ తప్పుపట్టెను. అటుపిమ్మటనైన ఈ విషము మనలను విడిచినదా? 2025 సెప్టెంబరు, అక్టోబరు మాసములలో మధ్యప్రదేశములోని ఛింద్వాడా ప్రాంతమున కోల్డ్రిఫ్ అను దగ్గుమందు త్రాగి ఇరువదిమందికి పైగా పసిబిడ్డలు చనిపోయిరి. ఆ మందు తమిళనాడులో తయారైనది. అక్కడి అధికారులు పరీక్షింపగా నూటికి 48.6 పాళ్లు ఈ విషమే యుండెను. అనుమతించిన హద్దు నూటికి 0.1 మాత్రమే.

ఆ ఘోరమునకు ముందే, తమిళనాడు ఆరోగ్యశాఖపై కాగ్‌వారు వ్రాసి 2024లో వెలువరించిన నివేదికలో మందుల తనిఖీలును, నమూనాల సేకరణయును నిర్ణయించిన సంఖ్యకన్న చాల తక్కువగ జరిగినట్లు వ్రాయబడియున్నది. ఆ నివేదికను చదివి వెంటనే సవరించుకొనియుండినచో ఆ బిడ్డలు బ్రదికియుందురని మే మనజాలము; అట్లు నిశ్చయముగ చెప్పుట యెవరికిని తగదు. కాని హెచ్చరిక ముద్రింపబడి యుండియు, బీరువాలో నుండిపోయినదనుట మాత్రము కాదనరాదు. తల్లి తన చేతితో చెంచాడు మందు పోసినది. ఆమె కంటికి గాని, నాలుకకు గాని, ప్రేమకు గాని అందులోని విషము తెలియు దారి లేదు. ఆమె నమ్మినది ఆ సీసాపైనున్న ముద్రను. ఆ ముద్ర వెనుకనున్న తనిఖీని. ఆ నమ్మకమునకు తగినట్లు తనిఖీ జరుగుచున్నదా యని యడుగుటయే యీ వ్యాసమునకు సారము.

ఇందు అధికారుల పక్షమునను ఒక మాట చెప్పవలెను. ఊళ్లు వందలు, అంగళ్లు వేలు, తిరుగువారు కొందఱే. వారిలో నెండలో, దుమ్ములో తిరిగి, బెదిరింపులకు లొంగక పనిచేయువారు కలరు. వారి కష్టమును కాగితముపై కెక్కించి, ఇంతమంది చాలరని గట్టిగ చెప్పునది కూడ ఆడిటు నివేదికయే. కావున మంచి యధికారికి ఆడిటు శత్రువు కాదు. ఇంకొక చిక్కు కలదు. దేనిని లెక్కించిన మనుష్యులు దానినే పెంచుదురు. తోమిన గిన్నెల సంఖ్యనే అత్తగారు లెక్కించినచో కోడలు చిన్నగిన్నెలనే ముందు తోమును. మాడిన బాన మూలనే యుండును. అట్లే తనిఖీల సంఖ్యను మాత్రమే యడిగినచో అధికారి బడ్డీకొట్లలో తిరిగి పుస్తకము నింపును. పెద్ద గిడ్డంగికి, పెద్ద కర్మాగారమునకు పోడు. సంఖ్యతోబాటు ఎచ్చటికి పోయినాడు, ఏమి మారినది అనికూడ అడిగినపుడే లెక్కకు ప్రాణము వచ్చును.

సరే, ఇంటిలోనుండు మనము చేయగలది యేమి? మొదట మన చేతిలో నున్నవి. గాజుగ్లాసెడు నీటిలో పసుపుకొమ్మును వేసి చూడుడు. మంచి కొమ్ము రంగు విడువదు, రంగు పూసినది వెంటనే నీటిని పచ్చచేయును. పొడియైనచో మంచిది లేతరంగు విడుచుచు అడుగునకు దిగును. కల్తీది ముదురురంగు విడుచును. ఇది అనుమానమును కలిగించును గాని తీర్పు చెప్పదు. పొట్లముపై 14 అంకెల లైసెన్సుసంఖ్య యున్నదా చూడుడు. అనుమానము తీరనిచో చట్టములోని 40వ విభాగము మనకొక హక్కు నిచ్చినది. సరకు కొనునపుడే పరీక్షకు పంపదలచితిమని వర్తకునికి తెలిపి, రుసుము చెల్లించి, ఆహార పరీక్షకునిచే పరీక్ష చేయించుకొనవచ్చును. దోషము తేలినచో ఆ రుసుము మనకు తిరిగి వచ్చును. ఈ హక్కును ఎఱిగిన గృహిణులు మా ఊరిలో వ్రేళ్లపై లెక్కింపదగినంతమందియైన నుండరు.

రెండవది కలసి చేయదగినది. మా కర్నూలు జిల్లాలోని ఓర్వకల్లు మండలపు పొదుపు సంఘములను ఎఱుగనివా రరుదు. చదువురాని స్త్రీలు కూడ నెలనెల కూడి, పుస్తకము అందఱి యెదుట చదివించి, ఎవరెంత కట్టిరి, ఎవరెంత తీసికొనిరి, తీసికొన్న సొమ్ముతో గేదె కొనినదా లేదా యని యడుగుదురు. సొమ్ము చేరినదా యనుట యొక ప్రశ్న, గేదె పాలిచ్చుచున్నదా యనుట రెండవ ప్రశ్న. ఆడిటుశాస్త్రమంతయు నీ రెండు ప్రశ్నలలో నిమిడియున్నది. ఆ సంఘములలో నేర్చిన యలవాటునే జిల్లా ఆహార భద్రతాకార్యాలయము వఱకు ఎందుకు కొనిపోరాదు? 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము ప్రకారము ఒక కాగితముపై వ్రాసి యడుగవచ్చును. గడచిన యేడు మన మండలమున నెన్ని నమూనాలు తీసిరి? అందెన్నింటికి 14 దినములలో నివేదిక వచ్చినది? దోషము తేలిన సరకును అంగళ్లనుండి యెన్నాళ్లకు తొలగించిరి? అదే యంగడికి, అదే కర్మాగారమునకు మరల పోయి చూచిరా? గతయేటి కన్న ఈయేడు దోషముల పాలు తగ్గినదా? ఇవి యైదు ప్రశ్నలు. మొదటి నాలుగును పనిని గూర్చినవి. అయిదవది ఫలమును గూర్చినది. అయిదవదానికి ఉత్తరము లేనిచో మొదటి నాలుగింటికి వచ్చిన యుత్తరములతో తృప్తిపడకుడు.

శాసనసభ ముందుంచబడిన ఆడిటు నివేదికలు రహస్యములు కావు, ఎవరైనను చదువవచ్చును. మన నియోజకవర్గపు సభ్యుడు ఓటునకై గడపకు వచ్చినపుడు రోడ్డు, కుళాయి, పింఛను అడుగుచున్నాము. ఆరోగ్యశాఖపై వచ్చిన నివేదికను చదివితిరా, అందలి లోపములలో నెన్ని సవరించిరి అనికూడ అడిగినచో తప్పులేదు. ఒకరిద్ద ఱడిగినపుడు నవ్వి పోవును. వీథిలోని స్త్రీలందఱు అడిగినపుడు మఱుసటిసారి చదివి వచ్చును.

మన తల్లులు చేట పట్టి రాళ్లేరిరి. ఆ చేట మన చేతినుండి జారరాదు. కాని కాలము మారి, రాళ్లు కంటికి కనబడని రూపమున వచ్చుచున్నవి. వాని నేరుటకు మనము పెట్టిన మనుష్యులు నిజముగ నేరుచున్నారో లేదో, చెఱిగిన పిమ్మట బియ్యము శుభ్రముగ నున్నదో లేదో చూచుట కూడ ఇల్లాలి పనులలో నొకటి యని సోదరీమణులు గ్రహింతురు గాక.